ఇంటి కంప్యూటర్‌కు ఏ ఫైర్‌వాల్? ఎంపిక నుంచి పరీక్ష దాకా

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో కొత్త ల్యాప్‌టాప్ కొంటే, బిల్లు కొట్టే ముందు దుకాణం వాళ్లు యాంటీవైరస్ డబ్బా ఒకటి ముందు పెడతారు. "ఇందులో ఫైర్‌వాల్ కూడా ఉంది సార్, తీసుకోండి" అంటారు. తీసుకోవాలా వద్దా అన్నది డబ్బా మీది రాతలు చూస్తే తేలదు. మీ ఇంటికి నెట్ ఎలా వస్తోంది, ఆ కంప్యూటర్‌ను ఎవరెవరు వాడతారు, దాని మీద ఏం పని జరుగుతుంది అన్నవి చూస్తేనే తేలుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చాలా ఇళ్లకు విండోస్‌తో పాటు వచ్చిన ఫైర్‌వాల్‌ను సరిగ్గా అమర్చుకుంటే చాలు, పైసా ఖర్చు అక్కర్లేదు. ఇంకో సాఫ్ట్‌వేర్ కొందరికి నిజంగానే పనికొస్తుంది. ఆ కొందరిలో మీరున్నారో లేదో కింది అడుగుల్లో తేల్చుకోవచ్చు.

ఫైర్‌వాల్ చేసే పని, చేయని పని

కంప్యూటర్‌లోకి వచ్చే, బయటికి పోయే కనెక్షన్లు పోర్టు నంబర్ల మీద నడుస్తాయి. ఫైల్ షేరింగ్‌కు 445, రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389, మామూలు వెబ్‌సైట్లకు 443. ఏ ప్రోగ్రామ్‌కు ఏ పోర్టు మీద, ఎటువైపు అనుమతి ఉందో చూసి వదలడమో ఆపడమో ఫైర్‌వాల్ పని. విండోస్ ఫైర్‌వాల్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది: లోపలికి వచ్చేవాళ్లను ఆపి అడుగుతుంది, బయటికి వెళ్లేవాళ్లను మామూలుగా పట్టించుకోదు. ఈ తేడా తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

లోపలికి వచ్చేవాటిని ఆపడం ఎందుకంత ముఖ్యమో పాత అనుభవాలు చెబుతాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనూ ఫైర్‌వాల్ ఉండేది, కానీ మామూలుగా ఆఫ్‌లో ఉండేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) 135 పోర్టు గుండా, ఎవరూ ఏమీ క్లిక్ చేయకుండానే కంప్యూటర్లలోకి దూరింది. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ ఫైర్‌వాల్‌ను ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై 445 పోర్టును పట్టుకుంది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ (అప్‌డేట్) మార్చిలోనే వచ్చినా వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఇరుక్కున్నాయి.

ఇక చేయని పని. "మీ కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి లైన్ కట్ చేస్తాం" అని ఫోన్ చేసి, అవతలి నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, స్క్రీన్ మీది కోడ్ చెప్పమనేవాళ్లను ఏ ఫైర్‌వాల్ కూడా ఆపదు. యాప్ వేసింది మనమే, కోడ్ చెప్పింది మనమే, కనెక్షన్ మొదలైంది మన వైపు నుంచే. అలాంటిది జరిగితే ముందు నెట్ తీసేసి, వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫైర్‌వాల్ ఉంది కదా అని ఈ విషయంలో ధైర్యంగా ఉండొద్దు.

మొదటి అడుగు: ఇంటికి నెట్ ఎలా వస్తోందో చూడండి

ఫైబర్ కనెక్షన్ ఉంటే గోడకు ఒక వైఫై రూటర్ ఉంటుంది. ఇంట్లోని ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ దాని వెనకాల ఒకే బయటి అడ్రస్ పంచుకుంటాయి. అందుకని బయటివాళ్లు నేరుగా మీ ల్యాప్‌టాప్‌ను తట్టడం కష్టం. చాలా కంపెనీలు ఒకే అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తాయి కూడా. బ్రౌజర్‌లో తెరిచే రూటర్ సెట్టింగ్స్ పేజీలో వ్యాన్ అడ్రస్ (బయటి నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యలో ఏదో ఒకదానితో మొదలైతే మీదీ అలాంటిదే.

అంతమాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఐపీవీ6 అనే కొత్త అడ్రస్‌ల పద్ధతిలో ఇంట్లోని ప్రతి పరికరానికీ సొంత బయటి అడ్రస్ ఉంటుంది. అక్కడ అడ్డు నిలబడేది రూటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్, ఆ తర్వాత కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్. కాబట్టి రూటర్ పేజీ తెరవండి. అడ్రస్ సాధారణంగా రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. జియో ఫైబర్‌కు 192.168.29.1, మిగతావాటిలో ఎక్కువగా 192.168.1.1. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫై కలిపే సదుపాయం), రిమోట్ మేనేజ్‌మెంట్ (రూటర్ సెట్టింగ్స్‌ను బయటి నుంచి మార్చే సదుపాయం) ఆపేయండి. ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో చూడండి. యూపీఎన్‌పీ అనేది ఇంట్లోని పరికరాలు మనల్ని అడగకుండానే రూటర్‌లో పోర్టులు తెరుచుకునే సదుపాయం, దాన్నీ ఆపేయండి. ఆన్‌లైన్ ఆటలు ఆడే పిల్లలుంటే కొన్ని ఆటల్లో ఇబ్బంది రావచ్చు, అప్పుడు చూసుకోవచ్చు.

ఇంట్లో సీసీ కెమెరాలు ఉంటే ఇక్కడ కాసేపు ఆగాలి. కెమెరాలు బిగించినవాళ్లు ఫోన్‌లో దృశ్యాలు కనిపించడం కోసం కొన్నిచోట్ల రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలి పరికరానికి నేరుగా దారి) పెట్టి, డీవీఆర్‌కు (కెమెరాల రికార్డింగ్ పెట్టెకు) కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంచి వెళ్లిపోతారు. డీవీఆర్ పరాయివాళ్ల చేతికి చిక్కితే ముప్పు ఇక బయటి నుంచి కాదు, మీ ఇంటి నెట్‌వర్క్ లోపలి నుంచే వస్తుంది. రూటర్‌కు అది కనిపించదు. ల్యాప్‌టాప్ మీది ఫైర్‌వాల్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లలో ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ నడిపేవాళ్ల సంగతి వేరు. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో వాళ్ల మొదటి టెన్షన్ దొంగల గురించి కాదు, డేటా ఎవరు మింగుతున్నారన్నదే. దానికి మూడో అడుగులో దారి ఉంది.

రెండో అడుగు: ఇప్పుడున్నది పని చేస్తోందా?

విండోస్ సెక్యూరిటీ తెరిచి ‘ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్’ నొక్కండి. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు వరుసలు కనిపిస్తాయి. మూడూ ఆన్ అని ఉండాలి. ఇప్పుడు వాడుతున్న నెట్‌వర్క్ పక్కన ‘యాక్టివ్’ అని ఉంటుంది.

ఏదైనా ఆఫ్‌లో ఉంటే ఎవరు ఆపారో ఆలోచించండి. ట్యాలీ (వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్) షేరింగ్ రాలేదనో ప్రింటర్ కనిపించలేదనో సర్వీస్ చేసేవాళ్లు ఫైర్‌వాల్‌నే మొత్తంగా ఆపేసి పోవడం మామూలే. ఇంకో కారణం క్రాక్ విండోస్, అంటే లైసెన్స్ కొనకుండా దొంగదారిలో వాడేది. యాక్టివేట్ చేసే దొంగ టూల్స్ చాలావరకు యాంటీవైరస్‌నో ఫైర్‌వాల్‌నో ఆపమని ముందే చెప్తాయి, మనమూ ఆపేస్తాం. ఆ తర్వాత లోపల ఏం కూర్చుందో ఎవరికీ తెలియదు. అలాంటి కంప్యూటర్ మీద ఎంత మంచి ఫైర్‌వాల్ వేసినా దండగే, ఎందుకంటే అడ్మిన్ హక్కులున్న ప్రోగ్రామ్ ఫైర్‌వాల్‌ను ఆపగలదు, తనకు కావలసిన రూల్ తనే రాసుకోగలదు. ముందు అసలు విండోస్ వేయించండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, అదీ లెక్కలోకి తీసుకోండి. ప్యాచ్‌లు రాని విండోస్‌కు ఫైర్‌వాల్ పూర్తి రక్షణ కాదు.

అన్నీ ఆన్‌లో ఉంటే ‘అలో యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్’ తెరిచి జాబితా చదవండి. ఎప్పుడో తీసేసిన ఆటలు, టోరెంట్ ప్రోగ్రామ్‌లు అక్కడ ఇంకా టిక్కులతో ఉంటాయి. తెలిసిన చెత్త తీసేయండి. అంతా గందరగోళంగా ఉంటే ‘రిస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్’ నొక్కండి. పాత రూల్స్ పోతాయి, ఏదైనా యాప్‌కు మళ్లీ అవసరమైతే అదే అడుగుతుంది.

తర్వాత నెట్‌వర్క్ రకం. విండోస్ 11లో సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్‌కు వెళ్తే పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఉంటాయి. ఇల్లు కాబట్టి ప్రైవేట్ పెట్టాలని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం ఇంట్లోనూ పబ్లిక్కే ఉంచమంటాను. ఇంట్లో ఇంకో కంప్యూటర్‌తో ఫైళ్లు పంచుకోవడం, ప్రింటర్ షేర్ చేయడం ఉంటేనే ప్రైవేట్ పెట్టండి. ఇందాకటి డీవీఆర్‌ను, అతిథులు తెచ్చే ఫోన్లను ల్యాప్‌టాప్ నమ్మాల్సిన పని ఏముంది? కేయూ క్రాస్ రోడ్ వైపు హాస్టళ్లలో ఒకే వైఫై అందరూ వాడే పిల్లలకు, కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం చూస్తూ ల్యాప్‌టాప్ తెరిచేవాళ్లకు పబ్లిక్ తప్ప ఇంకో మాటే లేదు.

మూడో అడుగు: బయటికి వెళ్లేవాటి మీద కాపలా కావాలా?

అసలు నిర్ణయం ఇక్కడ ఉంది. లోపలికి వచ్చేవాటిని ఆపడంలో విండోస్ ఫైర్‌వాల్ బాగానే పని చేస్తుంది. కొత్తది వేసుకునేది దాదాపుగా బయటికి వెళ్లేవాటిని చూడటానికి, ఆపడానికే. మీకు ఆ అవసరం ఉందా?

మెయిల్, యూట్యూబ్, దుబాయ్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్స్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఇంతవరకే అయితే అవసరం లేదు. అమ్మానాన్నల కంప్యూటర్‌లో అసలే వద్దు. "ఈ ప్రోగ్రామ్ నెట్‌కు వెళ్లాలంటోంది, ఒప్పుకుంటారా?" అని రోజూ అడిగితే వాళ్లు ప్రతిదానికీ ఎస్ అనేస్తారు. లేదంటే భయపడి నో నొక్కి, "నెట్ వస్తలేదు బిడ్డా" అని హైదరాబాద్‌లో ఉన్న మీకు ఫోన్ చేస్తారు. ప్రశ్నకు జవాబు తెలియనివాళ్ల చేతికి ప్రశ్నలు అడిగే సాఫ్ట్‌వేర్ ఇవ్వకూడదు.

డేటా లెక్క కావాలి, ఎక్కడెక్కడివో చిన్న ప్రోగ్రామ్‌లు దించుకుని వాడతాను, ఏది ఎటు మాట్లాడుతోందో తెలుసుకోవాలి అనుకునేవాళ్లకు పనికొస్తుంది. ఇంట్లోనే వ్యాపారం లెక్కలు ఉన్న కంప్యూటర్‌కూ అర్థం ఉంది, దాన్ని వాడేవాళ్లకు ఓపిక ఉంటే.

హాట్‌స్పాట్ వాడేవాళ్లు ఏదీ వేసుకోకముందు వైఫై ప్రాపర్టీస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేసి చూడండి. విండోస్ తన పెద్ద డౌన్‌లోడ్‌లలో చాలావాటిని వాయిదా వేస్తుంది. సమస్య తరచుగా అక్కడితోనే తీరుతుంది. అంతేగానీ డేటా మిగులుతుందని విండోస్ అప్‌డేట్‌ను ఫైర్‌వాల్‌తో శాశ్వతంగా ఆపేయొద్దు, వానాక్రై సంగతి పైన చదివారు.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌తో ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఏదీ వేయకండి. అది వాళ్ల ఐటీ విభాగం చూసుకునే పని, మీరు వేసినది ఆఫీసు వీపీఎన్‌తో (ఆఫీసు నెట్‌వర్క్‌కు రహస్యంగా కలిపే దారితో) కొట్లాడవచ్చు.

నాలుగో అడుగు: ఏవి ఉన్నాయి, ఏది ఎవరికి

టైనీవాల్ ఉచితం, చాలా చిన్నది. పాపప్‌లు చూపించదు. మీరు అనుమతించని ప్రతిదాన్నీ నిశ్శబ్దంగా ఆపేస్తుంది. నెట్ కావలసిన ప్రోగ్రామ్‌ను మీరే జాబితాలో చేర్చాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో కాస్త ఓపిక ఉన్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. ‘నెట్ పోయింది’ అనిపించే మొదటి వారం ఒక్కటే కష్టం.

సింపుల్‌వాల్ కూడా ఉచితమే, ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూడొచ్చు). పేరు సింపుల్ గానీ నెట్‌వర్క్ పదాలు తెలిసినవాళ్లకే సులువు. విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ అనేది మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల చేతిలో ఉంది. ఇది విండోస్ ఫైర్‌వాల్‌నే ఇంజిన్‌గా ఉంచి, దాని రూల్స్ రాసుకోవడం తేలిక చేస్తుంది. గ్లాస్‌వైర్ బలం బొమ్మల్లో ఉంది: ఏ యాప్ ఎంత డేటా వాడింది, ఏ దేశంలోని సర్వర్‌తో మాట్లాడింది గ్రాఫ్‌గా చూపిస్తుంది. కొన్ని సౌకర్యాలు పైసలు కడితేనే వస్తాయి, కానీ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు డేటా దొంగను పట్టుకోవడానికి ఉచిత రకం చాలు. పోర్ట్‌మాస్టర్ ఓపెన్ సోర్స్, విండోస్‌తో పాటు లైనక్స్ మీదా నడుస్తుంది, మనం నెట్‌లో ఏం చేస్తున్నామో గమనించే ట్రాకర్లనూ ఆపుతుంది. కొన్ని వీపీఎన్‌లతో మాత్రం పేచీ పెట్టుకుంటుంది.

జోన్‌అలారం, కొమోడో పాత పేర్లు. ఎక్స్‌పీ కాలంలో వాటి అవసరం ఎక్కువ. ఇప్పుడు ఇల్లు కోసమైతే వాటి బరువుకు తగిన ఫలితం నాకు కనిపించదు, ముఖ్యంగా కొమోడో అడిగే ప్రశ్నలు అనుభవజ్ఞులకు తప్ప అర్థం కావు.

ఇక దుకాణం వాళ్ల డబ్బా. క్విక్ హీల్, కే7, ఈస్కాన్ లాంటి మన దేశపు కంపెనీల పెద్ద ప్యాకేజీల్లో ఫైర్‌వాల్ కలిసే వస్తుంది. యాంటీవైరస్ కోసం ఎలాగూ కొంటుంటే దాన్నే వాడుకోండి, ఇంకోటి వెతకక్కర్లేదు. ఒక్క ఫైర్‌వాల్ కోసమే అయితే కొనకండి. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాకుండా రెన్యువల్ ధర అడగండి.

మ్యాక్ వాడేవాళ్లకు సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ఫైర్‌వాల్ ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఆన్ చేయాలి. బయటికి వెళ్లేవాటికి లూలూ ఉచితం, లిటిల్ స్నిచ్‌కు డబ్బు కట్టాలి. లైనక్స్ రకమైన ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ముందే ఉంటుంది, ఆన్ చేసుకుంటే సరి.

దేన్ని ఎంచుకున్నా మూడు సంగతులు చూడండి: చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది, తయారుచేసిన వాళ్ల సొంత సైట్ నుంచే దించుకుంటున్నారా, తీసేయాలంటే తేలిగ్గా పోతుందా. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన లింకుల నుంచి దించుకోవడం, వాట్సాప్‌లో వచ్చిన ఇన్‌స్టాలర్ వేయడం వద్దే వద్దు.

ఐదో అడుగు: వేసుకునే వరుస

ముందు సిస్టమ్ రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకోండి. ఇదివరకటి ఫైర్‌వాల్ ప్యాకేజీ ఏదైనా ఉంటే పూర్తిగా తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాకే కొత్తది వేయండి. రెండు ప్యాకేజీలు ఒకేచోట ఉంటే నెట్ ఆగి ఆగి వస్తుంది, కారణం ఏదో దొరకదు. టైనీవాల్, విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ లాంటివి విండోస్ ఫైర్‌వాల్‌తో కలిసి నడిచేలా చేసినవే కాబట్టి ఈ లొల్లి ఉండదు. ఇంకో మాట: సర్వీసెస్ జాబితాలోకి వెళ్లి విండోస్ ఫైర్‌వాల్ సర్వీస్‌నే ఆపే సలహాలు పాటించకండి. స్టార్ట్ మెనూ, స్టోర్ యాప్‌ల అప్‌డేట్‌లు దెబ్బతింటాయని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తుంది.

బయటికి వెళ్లేవాటిని అనుమతించేటప్పుడు బ్రౌజర్, యాంటీవైరస్, విండోస్ అప్‌డేట్ ముందు చేర్చండి. ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు చూసి పరేషాన్ కావొద్దు. విండోస్ సేవలు ఎన్నో దాని పేరు మీదే నడుస్తాయి, దాన్ని పూర్తిగా ఆపితే సైట్ల పేర్లు కూడా తెరుచుకోకపోవచ్చు. అయితే అది సాధారణంగా విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో ఉంటుంది. డౌన్‌లోడ్స్‌లోనో టెంప్‌లోనో అదే పేరుతో ఫైల్ కనిపిస్తే అనుమానించాల్సిందే. అప్పుడు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో ఉచితంగా ఇచ్చే శుభ్రపరిచే టూల్స్‌తో ఒకసారి వెతికించండి.

ఆరో అడుగు: ట్యాలీ, ప్రింటర్ కోసం దారి తెరవడం

ఇంటి ముందు గదిలో ఎరువుల దుకాణమో బట్టల వ్యాపారమో నడుపుతూ రెండు కంప్యూటర్లలో ట్యాలీ వాడేవాళ్లు మన దగ్గర చాలామంది. డేటా ఫోల్డర్ ఒకదాంట్లో ఉంటుంది, రెండోదాని నుంచి తెరుస్తారు. అది తెరుచుకోకపోతే ఫైర్‌వాల్ ఆపేయక్కర్లేదు. రెండింటిలోనూ నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌కు మార్చి, అనుమతుల జాబితాలో ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’కు ప్రైవేట్ గడిలో మాత్రమే టిక్ పెట్టండి. పబ్లిక్ గడి ఖాళీగా ఉండాలి.

ట్యాలీ సొంత పోర్టు, సాధారణంగా 9000, తెరవాల్సి వస్తే ‘అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్’లో ఇన్‌బౌండ్ రూల్స్‌కు (లోపలికి వచ్చేవాటి రూల్స్‌కు) వెళ్లి కొత్త రూల్ రాయండి. పోర్ట్, టీసీపీ, 9000, అలో, ప్రైవేట్ మాత్రమే. రూల్ తయారయ్యాక దాన్ని తెరిచి ‘స్కోప్’లో రిమోట్ అడ్రస్ కింద రెండో కంప్యూటర్ అడ్రస్ ఒక్కటే ఇవ్వండి. ఆ అడ్రస్ మారకుండా రూటర్‌లో రిజర్వ్ చేసుకోండి. అప్పుడు ఆ పోర్టును ఇంట్లోని డీవీఆర్ కూడా తట్టలేదు.

కొత్త ప్రోగ్రామ్ మొదటిసారి నడిపినప్పుడు విండోస్ అడిగే ప్రశ్న కూడా లోపలికి వచ్చే కనెక్షన్ల గురించే. క్యాన్సిల్ నొక్కినా చాలా యాప్‌లు మామూలుగానే నడుస్తాయి. కాకపోతే క్యాన్సిల్ నొక్కితే విండోస్ దానికి బ్లాక్ రూల్ రాసి పెడుతుంది. తర్వాత ఎంత అలో రూల్ పెట్టినా పని చేయదు, ఎందుకంటే బ్లాక్‌దే పైచేయి. షేరింగ్ ఎంతకీ రాకపోతే ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఎర్ర గుర్తున్న వరుసలు వెతకండి.

ఏడో అడుగు: పరీక్షించడం

స్టార్ట్‌లో ‘రిసోర్స్ మానిటర్’ అని కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. కింద ‘లిజనింగ్ పోర్ట్స్’లో ఏ ప్రోగ్రామ్ ఏ పోర్టు మీద ఎదురుచూస్తోందో, పక్కనే ఫైర్‌వాల్ దాన్ని అనుమతిస్తోందో లేదో ఉంటుంది. ‘అలోడ్’ అని ఉన్నవాటిలో మీకు తెలియని పేరుంటే దాని రూల్ వెతికి ఆపండి.

తర్వాత ఇంట్లోని ఇంకో కంప్యూటర్ నుంచి మీ ల్యాప్‌టాప్ అడ్రస్‌కు పింగ్ చేయండి, అంటే జవాబిస్తుందో లేదో చూసే కమాండ్ ఇవ్వండి. పబ్లిక్‌లో ఉంటే జవాబు రాకూడదు. బయటి నుంచి చూడాలంటే జీఆర్‌సీ సైట్‌లోని షీల్డ్స్‌అప్ పరీక్ష ఉంది. పోర్టులు ‘స్టెల్త్’ (అసలు జవాబే ఇవ్వనివి) లేదా ‘క్లోజ్డ్’ (మూసి ఉన్నవి) అని రావాలి. కానీ అది తట్టేది రూటర్‌ను, లేదంటే మీ నెట్ కంపెనీ అందరికీ కలిపి ఇచ్చిన అడ్రస్‌ను. అక్కడ అన్నీ పచ్చగా వచ్చినా ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ బాగుందని అర్థం కాదు.

బయటికి వెళ్లేవాటిని ఆపే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, మీరు జాబితాలో చేర్చని బ్రౌజర్ ఒకటి తెరిచి చూడండి. పేజీ వస్తే అది పని చేయట్లేదన్నమాట.

నెల రోజులు వాడాక నచ్చకపోతే మొహమాటం లేకుండా తీసేయండి. ఫోల్డర్ డిలీట్ చేయకుండా సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచే అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీ మళ్లీ తెరవండి. కొన్ని ప్యాకేజీలు పోతూ పోతూ విండోస్ ఫైర్‌వాల్‌ను తిరిగి ఆన్ చేయవు. మూడు వరుసల్లోనూ ఆన్ అని కనిపించాకే ఆ కిటికీ మూయండి.